రుషికుల్య ఒడ్డున వంగిన మోకాలు

2023 ఎండాకాలం మొదట్లో ఒడిశా బరంపురంలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి రిని అనే అమ్మాయిని ఆమె అత్త ఎర్రమ్మ తీసుకొచ్చింది. రినిది మిజోరం. ఎర్రమ్మ వాళ్ళది రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న చేపలవాళ్ళ ఊరు. ఎర్రమ్మ కొడుకు చెన్నై హోటల్లో పనిచేస్తూ, అక్కడే పనిచేసే రినిని పెళ్ళి చేసుకుని ఊరికి తీసుకొచ్చేశాడు. రెండేళ్ళలో ఆ పిల్ల నేర్చుకున్న తెలుగు ఎలా ఉందంటే, కళ్ళు మూసుకుని వింటే మాట్లాడుతున్నది ఎర్రమ్మే అనుకుంటాం.

స్కూటర్ జారి రిని మోకాలిచిప్ప విరిగింది. ఆపరేషన్ తర్వాత ఎముక చక్కగా అతికింది కానీ కీలు బిగుసుకుపోయింది. గోనియోమీటర్ అని కీలు ఎంత వంగుతుందో కొలిచే పరికరం ఒకటుంటుంది. దాన్ని పెట్టి చూస్తే కుర్చీలో సరిగ్గా కూర్చోవడానికి కూడా ఆ వంపు చాలదు. వ్యాయామం మానితే ఇంకో ఆపరేషన్ తప్పదని గట్టిగానే చెప్పాను.

అయినా రావడం మానేసింది. కారణం నాకు తెలుసు. నా క్లినిక్‌లోనే, వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి ఆమెను ఏ దేశమని అడిగి, కరోనా తెచ్చింది వీళ్ళేనంటూ కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. నాకు ఒళ్ళు మండి నాలుగు దులిపాను. ఆయన సరదాకి అన్నానంటూ నవ్వేశాడు. చేపల బజారులోనూ ఆమెకు ఇదే గోల, 'చైనా పిల్ల' అని. మొదట్లో ఆమె కూడా నవ్వేసేదట. కాలు విరిగి, మనసు కూడా నీరసించాక ఓపిక అయిపోయింది.

ఎర్రమ్మ ఫోన్ చేసింది. "డాకటరమ్మా, అది గుమ్మం దాటనంతంది. మా కొండలకి ఎల్లిపోతానంతంది. మీరే ఓసారి రండి, పొద్దు పొడవకముందే రండి" అంది. ఎండకి భయపడి అలా అంటోందనుకున్నాను.

తీరా వెళ్తే ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. ఊరంతా ఇసుక మీదే ఉంది! తాబేలు గుడ్లు పగిలే రోజులవి. ఇసుకలోంచి అరచేతిలో సగం కూడా లేని పిల్లలు బిలబిలమంటూ వస్తున్నాయి. ఆ దినాల్లో ఆ ఊళ్ళో దీపాలు వెలిగించరు. వెలుతురున్న వైపే సముద్రమనుకుని పరుగెత్తుతాయవి. ఊరు చీకటిగా ఉన్నా దూరంగా రోడ్డు మీది దీపాలు వాటిని లాగేస్తున్నాయి. అందుకని అందరూ బుట్టలు పట్టుకుని, దారి తప్పినవాటిని ఏరి నీళ్ళ దగ్గర వదులుతున్నారు. నా చేతిలోనూ ఎవరో ఒక బుట్ట పెట్టారు. చెప్పులు ఎక్కడ వదిలానో కూడా తెలియదు, చిన్నపిల్లలా ఉరికాను.

అప్పుడు చూశాను రినిని. చీకట్లో తననెవరూ చూడరని అత్త వెంట వచ్చిందట. నా టేబుల్ మీద పదే పదే బతిమాలినా వంచని కాలు వంచి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల్ని బుట్టలోకి తోస్తోంది. ముఖం నొప్పితో ముడుచుకుంటూనే ఉంది, చేతులు మాత్రం ఆగడం లేదు. చిన్నప్పుడు అవ్వతో అడవికి వెళ్ళి దుంపలు తవ్వేదట, ఇలా మట్టిలో చేతులు పెట్టి ఎన్నాళ్ళయిందో అంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తెల్లారేసరికి పట్నంనించి కార్లలో జనం దిగారు. ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ వచ్చిన ఒక కుర్రాడు రినిని చూసి, ఏ దేశంనించి వచ్చావని ఒరియాలో అడిగాడు. వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. రిని చేతులు ఆగిపోయాయి. ఇంటివైపు చూసింది. నేను నోరు తెరవబోతే ఎర్రమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"సెప్పు పిల్లా" అంది కోడలితో, నెమ్మదిగా. "నిన్నే కదా అడిగినాడు."

రిని బుట్ట పక్కన పెట్టి, నా సాయం లేకుండా, కర్ర లేకుండా లేచి నిలబడింది. "ఈ ఊరే" అంది. "నువ్వేటి, కింద సూసుకుని నడవ్వా? పిల్లల్ని తొక్కేస్తన్నావు."

కుర్రాడికి తెలుగు అర్థమైందో లేదో కానీ ఆమె వేలు చూపించిన చోటు అర్థమైంది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా నిలబడిపోయాడు. ఊరంతా ఘొల్లుమంది. ఎర్రమ్మ నవ్వలేదు. కొంగుతో కోడలి ముఖాన ఉన్న ఇసుక తుడిచింది, తన కళ్ళూ తుడుచుకుంది. రిని మళ్ళీ వంగి బుట్ట ఎత్తుకుంది.

నీళ్ళ అంచునే కూర్చోబెట్టి గోనియోమీటర్ పెట్టాను. క్లినిక్‌లో ఏనాడూ చూడని వంపు!

మర్నాటినుంచి మళ్ళీ క్లినిక్‌కి రావడం మొదలుపెట్టింది. ఏ దేశమని అడిగేవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారట. బజారులో అత్త పక్కన గంప దించుకుని, జవాబు చెప్పి, చేప తూచి ఇస్తుంది. ఇక నేను నేర్చుకున్నదంటారా, ఎవరైనా నడవనని మొండికేస్తే నేనిప్పుడు మోకాలు ముట్టుకోవడానికి ముందు అడుగుతున్నాను: "బయట నిన్నెవరేమన్నారమ్మా?"