పులి లేని పరుగు

మా ఊళ్లో ఒక ఉదయం బడి మూతపడింది. కూలి పనులు ఆగిపోయాయి. అటవీశాఖ జీపు వచ్చింది. మా మేనత్త వేపచెట్టెక్కి, దిగడం చేతగాక మధ్యాహ్నం దాకా కొమ్మ మీదే కూర్చుంది. వీటన్నిటికీ కారణం నేను. చేసింది పెద్ద పనేమీ కాదు. కొంచెం చెయ్యి ఊపాను.

మాది పుల్లలచెరువు మండలంలో నల్లమల అంచున ఉన్న చిన్న పల్లె. ఊరు దాటగానే మట్టిరోడ్డు నేరుగా అడవిలోకి పోతుంది. అడవిలో పులి ఉందా అంటే, ఉంది. చూసినవాళ్లు తక్కువ, చూశామని చెప్పేవాళ్లు ఎక్కువ.

అప్పట్లో నేను డిగ్రీ పూర్తిచేసి, పోలీసు కానిస్టేబుల్ అయి తీరాలని పట్టుబట్టి ఉన్నాను. పట్టుదలకు లోటు లేదు, ఊపిరికే లోటు. రాతపరీక్ష గట్టెక్కాను. పరుగు పరీక్షలో మాత్రం అందరూ వెళ్లిపోయాక నేనూ, మైదానం ఊడ్చే ఆమే మిగిలాం. గీత దగ్గరికి ఆమే ముందు చేరిందని నా అనుమానం.

"చాల్లేమ్మా," అన్నాడు నాయన. ఆయన మిరప చేలల్లో కూలికి పోయే మనిషి, ఎండ సంగతి బాగా తెలుసు. "మార్కాపురంలో బట్టల అంగట్లో మనుషులు కావాలంట. నీడపట్టున పని. వచ్చే నెల చేరు."

"అట్లనే నాయనా," అన్నాను. అని, మర్నాటి నుంచే తెల్లవారకముందు లేచి అడవి రోడ్డు మీద దొంగచాటుగా పరుగు సాధన మొదలుపెట్టాను. ఎక్కడికే అని అమ్మ అడిగితే, గుట్ట దగ్గర ప్రార్థన చేసుకోవడానికని చెప్పాను. అమ్మ కళ్లు చెమర్చాయి. ఆదివారం పాస్టరుగారు చర్చిలో యువతకు నన్ను ఆదర్శంగా చూపించారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. దాన్ని వినయం అనుకున్నారు.

నాకు గురువంటూ ఉంటే ఫోనులో దొరికిన ఒక వీడియో. పరుగెత్తేటప్పుడు నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి తీయాలనీ, మధ్యలో ఎవరితోనైనా మాట్లాడితే శక్తంతా పోతుందనీ అందులో చెప్పారు. నాకున్నదే కాస్త శక్తి. అందుకని ఆ మాటను వేదవాక్కుగా పట్టుకున్నాను.

ఆ రోజు అడవి మొదట్లో ఉన్న పెద్ద రాయి దాకా వెళ్లి, వెనుదిరిగి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఊరివైపు పరుగెత్తి వస్తున్నాను. ఎదురుగా దావీదు తాత మంద తోలుకుని వస్తున్నాడు. పేరుకు తగ్గట్టే గొర్రెల కాపరి. పేరుతోపాటు రావలసిన ధైర్యం మాత్రం రాలేదు.

"ఏంది రూతూ, అట్ల పరుగెత్తొస్తుండావు? ఏమొచ్చింది?"

నోరు తెరవకూడదు కదా. తర్వాత చెబుతాలే తాతా అన్నట్టు చెయ్యి వెనక్కి ఊపాను. ముఖం కందగడ్డలా చేసుకుని, పళ్లు బిగబట్టి అడవిలోంచి వస్తున్న పిల్ల చెయ్యి అడవివైపు ఊపితే ఏమని అర్థం? మీరైనా అదే అనుకుంటారు.

వెనకనుంచి ఏదో కేక వినపడింది. తిరిగి చూస్తే దావీదు తాత, ఆయన వెనక గొర్రెలు, అందరూ నావైపే పరుగెత్తి వస్తున్నారు. తాతకు మోకాళ్ల నొప్పులు. చర్చి మెట్లెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అలాంటి మనిషి పంచె ఎగ్గట్టి పరుగెత్తుతున్నాడంటే వెనక ఏదో ఉండే ఉంటుంది. నాకు భయం పుట్టింది. వేగం పెంచాను. నేను పెంచానని తాత పెంచాడు. తాతను చూసి గొర్రెలు పెంచాయి.

ఊరి మొదట్లో మా మేనత్త బిందెతో నిలబడి ఉంది. "ఏందే రూతూ?"

ఇప్పుడు నోరు తెరిచాను. "తెలీదత్తా, పరుగెత్తు!"

అంతలో దావీదు తాత "పెద్దపులి!" అంటూ వచ్చాడు. అత్త బిందె పారేసి చెట్టెక్కింది. మిగతా ఊరంతా బడిలో దూరి తలుపేసుకుంది, గొర్రెలతో సహా. బడికి వచ్చిన పంతులుగారిని కూడా లోపలికి రానివ్వలేదు.

సర్పంచి ఫోను చేస్తే మధ్యాహ్నానికి అటవీ అధికారి జీపులో వచ్చాడు. రోడ్డంతా తిరిగి చూసి, బడి ముందు అందరినీ కూర్చోబెట్టాడు. "పులి అడుగు ఒక్కటీ లేదు. ఎవరు చూసినారు?"

"దావీదు చిన్నాయన చూసినాడు," అంది అత్త, చెట్టు మీదనుంచి.

"నేను యాడ చూసినా? రూతు చూసింది. చెయ్యి చూపిచ్చింది."

"నేను చూడలేదు తాతా. నువ్వు పరుగెత్తుతుంటే నేను పరుగెత్తినా."

"నాకంటే ముందే నువ్వు పరుగెత్తుతుంటివి కదమ్మా!"

అధికారి నావైపు తిరిగాడు. "మొదట ఎందుకు పరుగెత్తినావు?"

"పోలీసు పరీక్షకు సార్," అన్నాను.

"ప్రార్థన అంటివి కదే!" అంది అమ్మ.

"పరుగెత్తేటప్పుడు చేసుకుంటనే ఉండా అమ్మా."

"ఏమని?"

"తొందరగా అయిపోవాలని."

నాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. బట్టల అంగడికి ఆ సాయంత్రమే బస్సెక్కిస్తాడని సిద్ధపడ్డాను.

"ఆ పెద్దరాయి కాడినుంచి నిలబడకుండా వచ్చినావా?"

"వచ్చినా నాయనా."

"దావీదు చిన్నాయన నిన్ను అందుకోలేదా?"

"లేదు."

"గొర్రెలు?"

"అవీ అందుకోలేదు."

నాయన ఒకసారి గొర్రెలవైపు, ఒకసారి నావైపు చూశాడు. "అయితే బట్టల అంగడి వద్దులే," అన్నాడు.

సర్పంచి మాత్రం ఒక షరతు పెట్టాడు. నేను పరుగు మొదలుపెట్టే ముందు అమ్మ చర్చి మైకులో ఊరందరికీ చెప్పాలి. అమ్మ ఒక్కరోజూ తప్పలేదు. "మా రూతు పరుగెత్తబోతాంది. పులి రాలేదు. ఎవురి పని వాళ్లు చేసుకోండి." ఎవరికీ తెలియకూడదని దాచుకున్న నా కల రోజూ కోడి కూయకముందే పక్క ఊరికి కూడా వినపడేది.

తర్వాతి పరీక్షకు నాయన నన్ను వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చాడు. పరుగు పరీక్ష గట్టెక్కి ఫోను చేస్తే అమ్మ పరుగున మైకు దగ్గరికి వెళ్లి, "ఒంగోల్లో మా రూతు గెలిచింది!" అని చాటి, అలవాటు కొద్దీ "పులి రాలేదు" అని ముగించిందట.

ఇప్పుడు నేను యూనిఫాంలో ఉన్నాను. కాబట్టి టోపీ చేతపట్టుకుని మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేనికోసం పరుగెత్తవలసి వచ్చినా, ఎదురొచ్చిన మొదటి మనిషి ముందు నిలబడి, కారణం వివరంగా చెప్పి, అర్థమైందా అని రెండోసారి అడిగి, ఆ తర్వాతే కదులుతాను. దొంగలు అంతవరకూ దయచేసి ఆగవలసిందిగా మనవి.