మావయ్య విప్పి వదిలిన ఇంజిన్

మా మావయ్య పోయారు. నా భర్తకి తండ్రి. అనకాపల్లి బైపాస్ పక్కన ఆయన షెడ్డుకి మీరెప్పుడైనా కారు తెచ్చి ఉంటే, తిట్లు తినే ఉంటారు కాబట్టి ఆయన గుర్తుండే ఉంటారు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

కోడలిగా వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే. "ఆడకూతురి సేత సేయిత్తన్నావేటి బావా?" అని ఎవరైనా అంటే, "నీకు కారు బాగవ్వాలా, కబుర్లు కావాలా?" అని కసిరేవారు.

టైమింగ్ బెల్ట్ పనికి మాత్రం తనే కూర్చునేవారు. ఆ పళ్ళ పట్టీ ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజిన్ లోపల వాల్వులు వంగిపోతాయి. బెల్టొక్కటే మార్చండి చాలని ఎవరు బతిమాలినా వినేవారు కాదు. "వాటర్ పంపు, బెల్టుని బిగబట్టే టెన్షనర్ కూడా మార్సెయ్యాల. రేపు పంపు కారితే మళ్ళీ ఇదంతా నీ బాబొచ్చి ఇప్పుతాడేటి?" బెల్టు ఎక్కించాక తాళం ముట్టుకోనిచ్చేవారు కాదు. "ముందు ఇంజిన్ సేత్తో తిప్పమ్మా. లోపలేదైనా తగిల్తే సేతికే తెలుత్తాది."

ఆయన పోయేనాటికి షెడ్డులో ఒక కారు విప్పి ఉంది. పూడిమడక నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే అక్కది. పాత బెల్టూ పంపూ తీసేశారు, కొత్తవి పెట్టలేదు. కర్మలయ్యేదాకా పాపం ఆమె బస్సులోనే బుట్టలు మోసుకుంది. ఆ తర్వాత వచ్చి, "ఏరే షెడ్డుకి లాగించుకెళ్తానమ్మా, నువ్వేటీ అనుకోకు" అంది. ఆయన మొదలెట్టిన పని ఇంకొకరి చేతుల్లో పెట్టబుద్ధి కాలేదు.

"నేను సేత్తానక్కా" అనేశాను. అన్నాక తట్టింది: పొరపాటు జరిగితే ఆమె బతుకుతెరువూ పోతుంది, మావయ్య పేరూ పోతుంది.

పంపు పెట్టాను. టెన్షనర్ బిగించాను. చక్రాల మీది గుర్తులు కలిపి బెల్టు ఎక్కించి చేత్తో తిప్పాను. ఎక్కడా తగల్లేదు. నమ్మకం చాలక మళ్ళీ తిప్పాను. అప్పుడు అక్క తాళం తిప్పింది, ఇంజిన్ స్టార్టయింది. "అయ్యబాబోయ్, పలికిందే!" అంటూ ఆమె స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. చూడండి మావయ్యా అందామంటే ఆయన లేరు.

ఇంజిన్ ఆపి, ఇక బెల్టు మీద మూత బిగించాలి. దుమ్ము పట్టిన ఆ ప్లాస్టిక్ మూత మీద, దాన్ని ఊడదీసినప్పుడు పడిన ఆయన గ్రీజు వేలిముద్రలు అలాగే ఉన్నాయి. తుడవాలని గుడ్డ తీసుకున్నాను. మురికి మూత తిరిగి పెడితే ఆయన ఊరుకునేవారు కాదు. గుడ్డ పక్కన పడేశాను. ఆ ముద్రల మీద నా చెయ్యి పడకుండా పట్టుకుని, అలాగే బిగించేశాను. కారు పూడిమడక రోడ్డెక్కింది.