ఎనిమిదిన్నర బస్సు

మా ఇంగ్లీషు సారు పోయారని మంగళవారం ఉదయం ఏడింటికి ఆయన కూతురు మెసేజ్ పెట్టింది. ముందురోజు సాయంత్రం గుండె ఆగిందట. కళ్యాణదుర్గంలో పదిన్నరకు మట్టి ఇస్తారని, టైము మాత్రం ఇంగ్లీషులో, పక్కన ఎ.ఎం. పెట్టి మరీ రాసింది. మా ఊరి నుంచి బస్సులో గంట ప్రయాణం. చివరిసారి ముఖం చూడాలనుకున్నాను. ఎనిమిదిన్నర బస్సుకు వస్తున్నానని జవాబు పెట్టాను.

సారు చూసి ఉంటే ఆ జవాబును ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు.

ఆరు నుంచి పది దాకా ఆయనే మాకు ఇంగ్లీషు చెప్పారు. రోజూ కళ్యాణదుర్గం నుంచి ఆ బస్సులోనే వచ్చేవారు. మా ఊళ్లో మనుషుల్ని దించి అదే బస్సు వెనక్కి పోతుంది. బడి గంట తొమ్మిదికి. బస్సు తొమ్మిదిలోపు వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. అయినా ఊరంతా దాన్ని ఎనిమిదిన్నర బస్సు అనే అంటుంది.

సారు తరగతిలోకి రాగానే బోర్డు మూలన తను దిగిన టైము రాసేవారు. ఐ కేమ్ ఎట్ టెన్ పాస్ట్ నైన్. మేం పైకి చదవాలి. హెడ్మాస్టరుకు అది నచ్చలేదు. మన ఆలస్యాన్ని మనమే రాసిపెట్టుకుంటే తనిఖీకి వచ్చినవాళ్లు ఏమంటారని అడిగారు.

"రాయకుంటే బస్సు టయానికి వచ్చినట్లయితాదా సార్?" అన్నారు ఈయన.

చెప్పుల పెట్టె మూత మీద గడియారం గీసి, రెండు సైకిలు పుల్లల్ని ముళ్లుగా గుచ్చారు. పెద్ద ముల్లు దిగేటప్పుడు పాస్ట్, ఎక్కేటప్పుడు టు. ఎక్కేటప్పుడు రాబోయే గంట పేరు చెప్పాలి. నేను ప్రతిసారీ అయిపోయిన గంట పేరే చెప్పేవాణ్ని. ఒకరోజు పీరియడంతా ఆ అట్ట పట్టించి నిలబెట్టారు. రేపు చేలో శెనక్కాయ పీక్కునేవాడికి ఈ టు ఎందుకని లోపల తిట్టుకున్నాను. ఆ కోపం చాలా ఏళ్లు ఉండింది.

మా ఊరి గురించి అయిదు వాక్యాలు రాయమన్నప్పుడు బస్సు హాఫ్ పాస్ట్ ఎయిట్‌కు వస్తుందని రాశాను. కొట్టేశారు.

"ఏమప్పా, నేను ఈపొద్దు ఎన్నింటికి దిగినా?"

"తొమ్మిదింబావుకు సార్."

"మరి ఇదేంది?"

"అది బస్సు పేరు సార్."

తరగతంతా నవ్వింది. సారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు. "పేరు నోటితో పిలుచుకో. రాసేటప్పుడు గడియారం చూసి రాయి" అన్నారు.

ఆ టైములన్నీ వరసగా ఎక్కించి డిపోకు ఇంగ్లీషులో అర్జీ పెట్టారు. బస్సు టైమ్‌టేబుల్ ప్రకారమే నడుస్తోందని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. దాన్ని మాకు చదివి వినిపించి, "ఇంగ్లీషులో తప్పు లేదు. టయమే తప్పు" అన్నారు. రిటైరయ్యేదాకా అర్జీలు పెడుతూనే ఉన్నారు. బస్సు మారలేదు.

ఆ మంగళవారం బస్సు షెల్టరు దగ్గర ఆటో ఉండింది. బస్సును నమ్ముకోవద్దు, ఎక్కన్నా అని ఆటో అతను రెండుసార్లు పిలిచాడు. ఎనిమిదిన్నర బస్సు వచ్చేస్తాదిలే అన్నాను. పావు తక్కువ తొమ్మిదికి అతను వెళ్లిపోయాడు. బస్సు వచ్చేసరికి తొమ్మిదీ నలభై. సారు దగ్గర అయిదేళ్లు చదివి కూడా నేను పేరునే నమ్మాను. దీనికి ఎవరిని తిట్టాలి?

శ్మశానం చేరేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ. మట్టి కప్పేసి నీళ్లు చల్లారు. కొళాయి దగ్గర మగవాళ్లు చేతులు కడుక్కుంటున్నారు. సారు అల్లుడు ఎదురొచ్చాడు.

"నీకోసమే అయిదు నిమిషాలు ఆపినామన్నా. మామ ఉండింటే అదీ ఒప్పుకోడు. ఎన్నింటి బస్సుకు వచ్చినావు?"

"ఎనిమిదిన్నర బస్సుకు" అన్నాను.

అతను చేతి గడియారం చూసుకున్నాడు.

సాయంత్రం ఊళ్లో దిగాక షెల్టరు గోడ దగ్గర ఆగాను. అక్కడ బస్సు టైము 8.30 అని పెయింటుతో రాసి ఉంటుంది. దాని కింద ఇటుక ముక్కతో ఇంగ్లీషులో రాశాను. కేమ్ ఎట్ ట్వంటీ టు టెన్. ఈసారి గంట పేరు తప్పలేదు.

నిన్న ఉదయం అటు వెళ్లినప్పుడు చూశాను. అక్షరాలు చెరగలేదు. తొమ్మిది దాటింది. వాటికి వీపులు ఆనించి కూర్చుని నలుగురు ఎనిమిదిన్నర బస్సు కోసం రోడ్డు వైపు చూస్తున్నారు.