పదిహేడేళ్ల గెస్టు

మా బోటనీ మేడం పోయినేడు చనిపోయారు. నిమోనియా అన్నారు డాక్టర్లు. అంతకుముందు నాలుగు రోజులు ఆమె జ్వరంతోనే కాటారంలో బస్సెక్కి కాలేజీకి వచ్చారని నాకు తెలుసు. గంటల లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైం లెక్చరర్‌కు రోగమొస్తే సెలవుండదు, కోత ఉంటుంది.

నేను ఆమె శిష్యురాలిని. తండా నుంచి వచ్చిన నాకు తెలుగులో పాఠం అప్పజెప్పాలంటే నోరు పెగిలేది కాదు. "ముందు మీ తండా మాటల్ల చెప్పు, నేనింట. అటెంక తెలుగుల చెప్దువు" అనేవారు. అర్థం కాకపోయినా చివరిదాకా వినేవారు.

తర్వాత అదే కాలేజీలో నాకు పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. చదువులోనూ అనుభవంలోనూ ఆమె నాకంటే పెద్ద. జీతంలో మాత్రం నా దరిదాపుల్లో లేరు. మొదటి జీతం రోజు నేను తలెత్తలేకపోయాను. "సిగ్గుపడాల్సింది నువ్వు గాదు బిడ్డా" అన్నారు.

టైంటేబుల్లో ఆమె పేరుండేది కాదు, 'గెస్ట్' అని ఉండేది. "పదిహేడేండ్ల సంది వస్తున్న. ఏ ఇంట్ల సుట్టం గిన్నేండ్లుంటడు?" అని నవ్వేవారు.

ఒకే పనికి ఒకే జీతం ఇవ్వమని ఒక్కసారి అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు మా హెడ్ సారు ఆమె గంటలు సగానికి కోసి తన పేరున రాసుకున్నారు. ఆ క్లాసులూ ఆమె చేతే చెప్పించి రిజిస్టర్లో తాను సంతకం పెట్టేవారు. కాదంటే వచ్చే ఏడు పిలుపు రాదు.

సంతాప సభలో ఆయనే దండ వేసి, తీరని లోటన్నారు. నేను లేచాను.

"సార్, ఫైనలియర్ క్లాసులు మేడం చెప్పింది. సంతకాలు ఎవరు పెట్టిండ్రు?"

ఆయన ఫొటో మీది దండ సర్దసాగారు. ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకున్న నన్నూ నేను క్షమించుకోలేదు. ఆ సాయంత్రమే జరిగిందంతా ప్రిన్సిపాల్‌కు రాసి ఇచ్చాను. పిల్లలు కూడా సంతకాలు పెట్టారు. విచారణ జరిగి ఆయన హెడ్ పదవి పోయింది. పార్ట్‌టైం గంటకిచ్చే జీతం మాత్రం పెరగలేదు. అందుకోసం మిగతా పార్ట్‌టైం వాళ్లు వేసిన కేసులో నేనే సాక్షిని. అక్కడ తన పేరు చెప్పొద్దని ఇంటికొచ్చి ఆయన బతిమాలారు. నాకు జాలి కలగలేదు.

ఇప్పుడు తన క్లాసులు ఆయనే చెప్పాలి. మొదటి రోజు వరండాలో నిలబడి చూశాను. చేతిలో చాక్‌పీసు ఉంది, బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. బెల్లు కొట్టేదాకా నేనక్కడి నుంచి కదల్లేదు.