సొలొమోను ఉపవాసం

సొలొమోను లారీ డ్రైవరు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఉయ్యూరు నుంచి పంచదార లోడు వేసుకుని కలకత్తా దాకా ఒక్కడే తోలేవాడు. దారిలో కునుకు పట్టకుండా లారీ ఆఫీసు గుమాస్తా తెల్ల బిళ్ళలు చేతిలో పెట్టేవాడు. మొదట రాత్రికొకటి, తర్వాత పూటకొకటి, ఆ తర్వాత బండి ఎక్కని రోజు కూడా. బిళ్ళ వేసుకుంటే నిద్ర రాదు, ఆకలి వేయదు. కృష్ణలంకలో మా వీధి వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

అయినా అతను తిండి మానేసి, రాత్రింబవళ్ళు బైబిలు ఒళ్ళో పెట్టుకుని తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే మా చర్చి సంఘ పెద్ద ఆమోసుగారికి అది ఉపవాస ప్రార్థనలా కనిపించింది. ఆమోసుగారు శుక్రవారం ఉపవాసం మధ్యాహ్నం దాకా ఉండి, ఆ కసినంతా మినపట్ల మీద తీర్చుకునే మనిషి. మంచినీళ్ళతో రోజులు గడిపేవాణ్ణి చూసేసరికి ఆయనకు భక్తి పొంగుకొచ్చింది.

"మీ ఆయన మీద ఆత్మ దిగిందమ్మా" అన్నారు సొలొమోను భార్య సువార్తమ్మతో.

"ఆత్మ కాదండీ, ఆ బిళ్ళలు. ఆసుపత్రికి తీసుకెళ్దాం, కాస్త సాయం రండి" అందామె.

"అవిశ్వాసపు మాటలు మాట్లాడకు."

చర్మం కింద పురుగులు పాకుతున్నాయని సొలొమోను చేతులు నెత్తురు కారేలా గోక్కున్నాడు. దేహాన్ని లోబరుచుకుంటున్నాడని సంఘం వాళ్ళు మెచ్చుకున్నారు. గోడలోంచి ఎవరో మాట్లాడుతున్నారన్నాడు. దర్శనమన్నారు. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పే పంతుళ్ళు కూడా అతని ముందు మోకరించి తల మీద చెయ్యి పెట్టించుకున్నారు. వాళ్ళను చూస్తే నాకు రోత పుట్టింది.

ఆ గోడలో గొంతు చివరికి సువార్తమ్మ మీదికొచ్చింది. తను లేనప్పుడు పాలు పోసే బసవపున్నయ్య ఇంట్లోకి వస్తున్నాడని సొలొమోను ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి చెప్పాడు. బసవపున్నయ్యకు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో అరుగు ఎక్కలేక గిన్నె కిందికే తెమ్మనేవాడు. రోజూ ఆయన పాలే తాగుతున్న జనంలో ఒక్కరికైనా ఆ ముక్క గుర్తుకు రాలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాళ్ళు అందరి ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా ఆరాధనలో సంస్కారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు, వాళ్ళ గడప తొక్కరు. సువార్తమ్మ ఒప్పుకుంటే చెడిపోయిన మనిషి. ఒప్పుకోకపోతే వెలి, మిషన్ బడిలో ఆయా పని కూడా పోతుంది.

"అన్ని రోజులు ఉపవాసమున్న మనిషి అబద్ధం చెప్తాడా? ఒప్పేసుకో, పోయేదేముంది" అన్నారు ఆమోసుగారు.

"చెయ్యనిది ఎట్టా ఒప్పుకునేదండీ?" అని ఆమె చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. పని పోయింది. వారం తిరక్కుండా ఆ పనిలో ఆమోసుగారి మరదలు చేరింది.

ఆ వెంటనే సొలొమోను జాకీ రాడ్డు తీసుకుని బసవపున్నయ్య భుజం విరగ్గొట్టాడు. పోలీసులు పెద్దాసుపత్రిలో పడేశారు. అక్కడి డాక్టరు అతని జేబులోని బిళ్ళలు చూసి, మెథాంఫెటమిన్ అని పేరు చెప్పాడు. ఇది ఎక్కువైతే లేని గొంతులు వినిపిస్తాయని, కట్టుకున్నదాని మీద అనుమానం పుడుతుందని, ముందు నిద్రపోనివ్వమని అన్నాడు. సొలొమోను రోజుల తరబడి నిద్రపోయాడు, లేచి అన్నం అడిగాడు. గోడ మాట్లాడటం మానేసింది. తను ఏమన్నాడో తెలిశాక భార్య ముఖం చూడలేక ఏడ్చాడు. ఆమె రోజూ క్యారియరు పట్టుకెళ్ళి అన్నం పెట్టింది. మోకరించిన భక్తుల్లో ఒక్కడూ ఆసుపత్రి ఛాయలకు రాలేదు.

సొలొమోను ఇంటికొచ్చాక ఆమోసుగారు అరటిపళ్ళ అత్తం పట్టుకుని వచ్చారు.

"ఏదో మందు ప్రభావం, మనసులో పెట్టుకోకు. ఆదివారం వచ్చి, అందర్నీ క్షమించానని నాలుగు ముక్కలు సాక్ష్యం చెప్పు. సంస్కారం ఇచ్చేస్తాం" అన్నారు.

సువార్తమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"మా ఆయన బిళ్ళలు మింగి అన్నాడండీ" అంది. "మీరంతా ఏం మింగి నమ్మారు?"