పదమూడో ఎక్కం

మిషిగన్‌లో మా పక్కింటి డాక్టరుగారు గుంటూరు మనిషి. ఎనభైల మొదట్లో, వాకిట్లో మంచు తోసుకుని ఆసుపత్రికి బయల్దేరడానికి చిన్న డీజిల్ ట్రాక్టరు కొన్నారు. చలికి మొరాయించకుండా ముందురోజే ఇంజనుకు హీటరు తగిలించి, పాత బొంత కప్పేవారు. పొద్దున తాళం సగం తిప్పి, లోపల వేడెక్కేదాకా పదమూడో ఎక్కం పైకి చదివేవారు.

“వాచ్ చూసుకోవచ్చుగా, అన్నయ్యగారూ?” అనేదాన్ని.

“గ్లోవ్స్ తీయాలి గదమ్మా! ఎక్కమైతే నోటికే వచ్చు.”

ఎదురింటి అమెరికన్ పెద్దాయన అది ప్రార్థన అనుకుని, ప్రతిసారీ టోపీ తీసి నిలబడేవాడు.

డాక్టరుగారు దక్షిణాన చలి తక్కువుండే ప్లేనో ఊరికి వెళ్లిపోతూ ట్రాక్టరు ఆయనకే ఇచ్చేశారు. ఆ ఏడు మొదటి మంచుకు ఎదురింటి నుంచి వినిపించింది: “పాడమూడూ రెల్లూ ఇరవయారూ...” ఎక్కం పూర్తికాగానే ఇంజను అందుకుంది.

వెంటనే ఫోన్ చేసి చెప్పాను. డాక్టరుగారు ఒక్కటే అడిగారు:

“పదమూడు తొమ్మిదుల దగ్గర తప్పలేదు గదమ్మా?”