స్టోరుగారి కుర్చీ

ఆ రోజుల్లో నా కళ్లకి లోకంలో రెండే రకాల వస్తువులు కనిపించేవి: నంబరు స్టిక్కరు అంటించినవి, ఇంకా అంటించనివి. రాజమండ్రిలో ఒక ఆడిటరుగారి దగ్గర పనికి చేరి అప్పటికి నాలుగు నెలలు (మీసం వయసూ అంతకన్నా పెద్దదేం కాదు). ఆయన నన్ను మొదటిసారి ఒంటరిగా పంపింది కొవ్వూరు దగ్గర ఒక కొబ్బరిపీచు ఫ్యాక్టరీకి. రిజిస్టరులో రాసిన యంత్రాలు, బీరువాలు, ఫ్యాన్లు నిజంగా ఉన్నాయో లేదో చూసి, ఉన్నవాటన్నిటికీ స్టిక్కర్లు అంటించి రావాలి. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకాన్ని నేను. ఏదో ఒకటి మాయమైందని పట్టుకుని మా సారు మెప్పు పొందాలని ఒకటే ఆరాటం.

అక్కడ నాకు తోడుగా తిరిగిన పెద్దాయన్ని అందరూ స్టోరుగారనేవారు. సామానంతా ముప్పై ఏళ్లుగా ఆయన చేతిలోనే ఉంది, ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. మనవడి వయసున్న నన్ను ఆయన "ఆడిటరుగారండీ" అని పిలుస్తుంటే నేను పొంగిపోయేవాణ్ణి. రెండు రోజులు వెతికినా ఒక్క వస్తువూ తగ్గలేదు. రిజిస్టరు చివరి వరసలో 'చెక్క కుర్చీ, ఒకటి' అని ఉంది. స్టోరుగారు కూర్చున్నది చెక్క కుర్చీయే. ఆయన్ని లేపి, దాని వీపుకి స్టిక్కరు అంటించేశాను. ఆయన ఏదో చెప్పబోయారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి టిక్కు పెట్టుకుని, ఆ నిమిషం సంగతే మరిచిపోయాను.

నెలాఖరున స్టోరుగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఆడిటరుగారండీ, చిన్న డౌటండి. మా నాన్నగారి కుర్చీ కంపెనీది ఎప్పుడయ్యిందండి?"

సంగతేమిటంటే, కంపెనీ కుర్చీ ఎప్పుడో చెదపట్టి పోయింది. కొత్తది కొనమని అడగడానికి మొహమాటపడి, స్టోరుగారు తన ఇంటి నుంచి ఇది తెచ్చుకున్నారు. వాళ్ల నాన్నగారు క్రైస్తవ మిషను బడిలో మాస్టారు. ఆయన గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. ఇప్పుడు ఇంటికి పట్టుకెళదామంటే, స్టిక్కరున్న సామాను గేటు దాటడానికి వీల్లేదని వాచ్‌మన్ ఆపేశాడు. పాపం, అతని తప్పూ లేదు.

ఆదరాబాదరాగా బస్సెక్కి గోదావరి బ్రిడ్జి దాటాను. ఫ్యాక్టరీ మేనేజరుగారు నా కాగితమే నా ముందు పెట్టారు. కంపెనీ కుర్చీ ఉందని అందులో సంతకం పెట్టింది నేనే. కుర్చీని తిరగేశాను. అడుగున మేకుతో చెక్కిన మాస్టారి పేరు. (పైపైన చూసి టిక్కులు పెట్టేవాడికి అడుగున ఉన్నది ఎలా కనిపిస్తుంది?) సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే ఆ టిక్కుని అడ్డంగా కొట్టేసి, 'లేదు' అని రాసి, మళ్లీ సంతకం పెట్టాను. మేనేజరుగారు గేటు చీటీ రాసిచ్చారు. ఆ సాయంత్రం మా సారు పెట్టిన చివాట్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి బయల్దేరేముందు స్టిక్కరు పీకబోతుంటే స్టోరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ బాబూ. నిజం రాయడానికి పరిగెత్తుకొచ్చావు కదా, ఆ గుర్తు ఉండనీ."

ఆయన నోట 'ఆడిటరుగారండీ' పోయి 'బాబూ' అయ్యాను. అంత ఆనందం నాకు ఆ ఉద్యోగంలో మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఫోనుతో స్కాన్ చేసుకుని గంటలో తిరిగొచ్చేస్తున్నారు. తిరగేసి చూశారా అని అడుగుతాను. సారుకి చాదస్తమని నవ్వుకుంటారు, నాకు వినిపిస్తూనే ఉంటుంది. కొవ్వూరు వెళ్లినప్పుడల్లా స్టోరుగారు నన్ను ఆ కుర్చీలోనే కూర్చోబెడతారు. స్టిక్కరు మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. వేలితో తడిమి చూస్తే, కంగారులో దాన్ని వంకరగా అంటించిన ఆ కుర్రాడి మీద నాకిప్పుడు కోపం రాదు, ముద్దే వస్తుంది.